పదిహేడో సీసాలో బుడగ

శనివారం పొద్దున మెట్లు తుడుస్తున్నాను. మొత్తం ముప్పై ఎనిమిది మెట్లు. ఆ లెక్క నా మోకాళ్లకి బాగా తెలుసు. పైనుంచి కిందికి తుడవాలి, కటకటాల మధ్య వేలు దూర్చి తుడవాలి, ఆఖరున గుమ్మం ముందు రాలిన ఆకులు ఊడ్చి పోగు పెట్టాలి. మా హైల్‌బ్రోన్ ఊళ్లో ఏ ఇంట చూసినా ఇదే పద్ధతి. వంతు ఎవరిదైతే వాళ్ల తలుపు పిడికి ఒక చెక్క బోర్డు వేలాడుతుంది. వారం చివర మెట్లు తళతళలాడాక ఆ బోర్డు పక్క వాటా తలుపుకి మారుతుంది. మా ఇంట్లో మూడు వాటాలు. కింద మా అత్తగారు లీజెలోటె, మధ్యలో నేనూ మా ఆయన హార్ట్‌మూట్, పైన అద్దెకుండే రైల్వే ఆయన. అత్తగారి మోకాళ్లు అరిగిపోయిన దగ్గర్నుంచీ ఆవిడ వంతు కూడా నాకే వచ్చింది. అంటే మూడు వారాల్లో రెండు వారాలు నావే. మూడో వారం రైల్వే ఆయన తుడుస్తాడు. ఆయన తుడిచిన ప్రతిసారీ మా అత్తగారు ఆయన్ని ఆకాశానికెత్తేస్తుంది.

"చూశావా ఇర్మెలా, మగవాడు, పైగా ఒంటరివాడు. అయినా ఒక్క మూల కూడా వదల్లేదు."

ఇరవై తొమ్మిదేళ్లుగా నేనూ ఏ మూలా వదల్లేదు. దాని గురించి ఎవరూ ఏమీ అనలేదు. తుడవకపోతేనే కదా మెట్లు కనిపించేది. ఆ రోజు కూడా అత్తగారు తలుపు జానెడు తెరిచి, నా చెయ్యి ఎటు వెళ్తే అటు చూపు తిప్పుతూ నిలబడింది. ఇంతలో హార్ట్‌మూట్ బేకరీ నుంచి వేడి వేడి ప్రెట్సెల్ రొట్టెల సంచి పట్టుకొచ్చాడు. తడి మెట్టు మీద కాలు పెట్టకుండా రెండేసి మెట్లు దాటుకుంటూ పైకి ఎక్కాడు. తన దృష్టిలో అది నాకు చేసే పెద్ద సాయం.

"సోమవారం నీ పండగట కదా?" అన్నాడు పైనుంచి. "సీసాల్లో ఏమైనా కదిలిందా?"

ఆ ప్రశ్న పదేళ్లుగా వింటున్నాను. దానికి జవాబు అక్కర్లేదు, నవ్వితే చాలు. నవ్వాను.

నా ఉద్యోగం ఊరికి అరగంట దూరంలో, అడవి నడుమ ఉన్న ఒక సంస్థలో. అక్కడ రాకెట్ ఇంజన్లు పరీక్షిస్తారు. నేను ప్రయోగశాల సహాయకురాలిని, అదీ ఒంటిపూట. మా అమ్మాయి పుట్టినప్పుడు కొన్నాళ్లు ఒంటిపూట చాల్లే అన్నారు. అది పెద్దదై చదువుకి ఊరు దాటిపోయినా నా ఒంటిపూట మాత్రం అలాగే ఉండిపోయింది. అప్పటికి అత్తగారి మోకాళ్ల వంతు వచ్చేసింది మరి.

మా విభాగంలో చేసేది జెల్ ఇంధనం. రాకెట్ ఇంధనం ద్రవంగా ఉంటే ట్యాంకులో చిన్న పగులు వచ్చినా కారిపోతుంది. గట్టి ముద్దలా ఉంటే ఒకసారి అంటుకున్నాక ఇక ఆపలేం. ఈ రెండింటికీ మధ్యలోది జెల్. ద్రవంలో తగుపాళ్లలో ఒక పొడి కలిపితే అది మా అత్తగారు చేసే ద్రాక్ష జెల్లీలా నిలబడిపోతుంది. సీసా వంచినా జారదు. వెనకనుంచి గట్టిగా తోస్తే మాత్రం నీళ్లలా పారి మంటలోకి వెళ్తుంది. తోయడం ఆపితే మళ్లీ ఉన్నచోటే ఆగుతుంది. ఇంతవరకు అందరికీ తెలిసిందే. అసలు ప్రశ్న ఏమిటంటే, దాన్ని ట్యాంకులో నింపి పదేళ్లు ఒక మూల పడేస్తే ఏమవుతుంది? పదేళ్ల తర్వాత కూడా అలాగే నిలబడి ఉంటుందా, లేక పైకి తెలియకుండా లోలోపల సడలిపోతుందా? ఇది తెలుసుకోవాలంటే పదేళ్లు చూడటం తప్ప వేరే దారి లేదు. ఆ చూసేది నేను. ప్రతి నెలా మొదటి సోమవారం నిల్వగదిలోకి వెళ్లి, ఇరవై మూడు సీసాలూ ఒక్కొక్కటే చూసి, పుస్తకంలో ఇరవై మూడుసార్లు 'మార్పు లేదు' అని రాస్తాను.

ఇంటికి చుట్టాలొస్తే హార్ట్‌మూట్‌కి ఇదో పెద్ద వినోదం. "మా ఆవిడకి జీతం దేనికిస్తారో చెప్పుకోండి చూద్దాం. ఏమీ జరగలేదని రాసినందుకు!" అని బల్ల మీద చెయ్యి చరుస్తాడు. అందరూ నవ్వుతారు. నేనూ నవ్వుతూనే బంగాళాదుంపల సలాడ్ గిన్నె అందిస్తాను. ఆ సలాడ్ రుచిగా రావాలంటే దుంపల తొక్క వేడి మీదే తీయాలి, వేళ్ల చివర్లు కాలతాయి. ఏ చుట్టమూ దాని సంగతి అడగలేదు.

మా నిల్వగది సగం భూమిలోకి ఉంటుంది. పైకప్పు మీద మట్టి, మట్టి మీద గడ్డి, గడ్డి మీద బీచ్ అనే అడవి చెట్ల ఆకులు. కిటికీ లేదు. ఎండాకాలమైనా మంచు పడుతున్నా లోపల ఇరవై డిగ్రీలే. తలుపు మూసుకుంటే పక్షి అరుపు కూడా వినపడదు. పదేళ్లలో నాకు వయసు మీదపడింది, అత్తగారికి మోకాళ్లు పోయాయి, అడవిలో మూడు తుఫానులు చెట్లు కూల్చాయి. ఆ గదిలో మాత్రం అది ఏ పొద్దో కూడా తెలియదు. అక్కడికి వెళ్లినప్పుడల్లా నాకు చెప్పలేనంత సుఖంగా ఉంటుంది. నన్నెవరూ పిలవరు. సీసాలకి ఆకలి వేయదు, వాటికి తుడిచే మూలలుండవు. నేను చూస్తూ ఉంటే చాలు వాటికి. అలా చూస్తూ ఒక్కోసారి స్టూలు మీదే నిద్రలోకి జారిపోయేదాన్ని. అది నిద్రో మెలకువో నాకే సరిగ్గా తెలిసేది కాదు.

లెక్క ప్రకారం ఇరవై మూడు సీసాలు. నిజానికి ఇరవై నాలుగు నింపాం. ఆ రోజు నాకు బాగా గుర్తుంది, అక్టోబరులో ఒక శుక్రవారం. పదిహేడో సీసా నింపుతున్నాను. పంపు పిడిని ఒకే వేగంతో, ఆపకుండా తిప్పాలి. సరిగ్గా అప్పుడే గోడ ఫోను మోగింది. ఎవరో తీసి, మీ ఇంటినుంచి అంటూ రిసీవర్ నా చెవికి ఆనించారు.

"ఇర్మెలా, ఇవాళ శుక్రవారమేనని నాకూ తెలుసులే," అంది మా అత్తగారి గొంతు. "కానీ బోర్డు మన తలుపుకే ఉంది, గుమ్మం ముందు చూస్తే ఆకులు ఇంత ఎత్తున పడ్డాయి. ఎదురింటావిడ రెండుసార్లు తొంగి చూసింది. నువ్వొచ్చేది ఎన్నింటికి?"

నా చెయ్యి ఒక్క క్షణం ఆగింది. అంతే, జెల్ ఒక గుటక గాలి మింగింది. సీసా నడిమధ్యన కందిగింజంత బుడగ. మా విభాగం పెద్ద డాక్టర్ వెండెల్ వచ్చి వెలుతురుకి ఎత్తి చూశాడు. "పనికిరాదు, పారేయండి. ఇంటి గొడవలు ఇంట్లో వదిలి రావాలి ఫ్రౌ ఐజెలె," అన్నాడు. ఫ్రౌ అని గౌరవంగా ఇంటిపేరుతో పిలిచి, ఎంతో మర్యాదగానే అన్నాడు. నా చెవులు మాత్రం సాయంత్రం దాకా మండాయి. ఆ సాయంత్రం చీకటి పడే దాకా ఆకులు ఊడ్చాను.

సీసా నేను పారేయలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే అప్పుడైతే చెప్పలేకపోయేదాన్ని. కింది అరలో వెనక్కి, ఖాళీ డబ్బాల చాటున పెట్టాను. మైనపు పెన్సిల్‌తో గాజు మీద, బుడగ పై అంచుకి సరిగ్గా, ఒక గీత గీశాను. గీత పక్కన తేదీ వేశాను. ఆ తర్వాత ప్రతి నెలా మొదటి సోమవారం, నా ఇరవై మూడు సీసాలూ అయ్యాక, వంగి ఆ డబ్బాలు జరిపి దాన్నీ చూసేదాన్ని. ఆ బుడగలో ఉన్నది ఆనాటి గాలి. నలభై నాలుగేళ్ల ఇర్మెల వదిలిన ఊపిరి కూడా కాస్త ఉండే ఉంటుంది అందులో. స్టూలు మీద కళ్లు మూతలు పడుతుంటే నేను ఆ బుడగలోకి వెళ్లిపోయేదాన్ని. లోపల ఎప్పుడూ శుక్రవారమే. ఫోను ఇంకా మోగలేదు. నా జుట్టు ఇంకా గోధుమరంగులోనే ఉంది. గోడలు మెత్తగా, తేనెరంగులో ఉన్నాయి, మెట్లు లేవు. ఎవరో గాజు అవతల నిలబడి ఎన్నింటికొస్తావు, ఎన్నింటికొస్తావు అని పెదవులు కదుపుతున్నారు కానీ మాట లోపలికి రావడం లేదు. నేను తొందరపడటం లేదు. ఆ లోకంనుంచి లేచి కార్లో ఇంటికొస్తుంటే ఒంట్లో తేలిగ్గా ఉండేది. అత్తగారికి మాత్రలు ఇచ్చే వేళకి ఆ తేలిక కాస్తా పోయేది.

అయిదేళ్లు బుడగ గీత దగ్గరే ఉంది. ఆరో ఏడు అక్టోబరులో చూస్తే గీతకీ బుడగ పై అంచుకీ మధ్య వెంట్రుకవాసి ఎడం కనబడింది. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాను. ఇంటికొచ్చి హార్ట్‌మూట్‌కి చెప్తే, "అద్దాలు మార్పించుకో," అన్నాడు పేపరులోంచి తల ఎత్తకుండా. అద్దాలు మార్పించుకున్నాను. ఏడో ఏడాది ఇంకో గీత గీశాను, ఎనిమిదో ఏడాది ఇంకోటి. ప్రతిసారీ ఎడం పెరుగుతోంది. బుడగ పైకి పోతోంది. జెల్ బిగువుగా ఉంటే బుడగ కదలలేదు, ఆ మాత్రం నాకు తెలుసు. కదులుతోందంటే లోపల పట్టు సడలుతున్నట్టే. ఎవరికైనా చెబుదామంటే అది అసలు లేని సీసా. పైగా మిగతా సీసాల్లోంచి చెంచాడు తీసి ఏటేటా యంత్రం మీద బిగువు కొలుస్తారు, ఆ కొలతలన్నీ బాగానే వస్తున్నాయి, కాగితం మీద నిరుటి గీత మీదే ఈ ఏటి గీత. నాకు అర్థమయ్యేది కాదు. ఇరవై మూడు సీసాలు బాగుండి, నా ఒక్క సీసా ఎందుకు సడలుతోంది? నేను నింపడంలోనే తప్పుందేమో అనుకున్నాను. అలా అనుకోవడం నాకు బాగా అలవాటు.

పదేళ్ల గడువు పూర్తయిన సోమవారం మా అత్తగారిని చూసుకోవడానికి ఆవిడ చెల్లెలు వచ్చింది. అందుకని మధ్యాహ్నం కూడా ఉండిపోయాను. ఇంకో సంగతి చెప్పాలి. కొలతలన్నీ మధ్యాహ్నాలే జరుగుతాయి, నా పని పన్నెండున్నరకే అయిపోతుంది. అందువల్ల పదేళ్లలో ఒక్కసారైనా ఆ కొలత నా కళ్లతో చూడలేదు. ఆ రోజే చూశాను. మా దగ్గర పరిశోధన చేస్తున్న స్వెన్యా అనే అమ్మాయి ఆరో సీసా మూత తీసి, చెంచాడు జెల్ యంత్రం పళ్లెంలో పెట్టి, మీట నొక్కింది. పళ్లెం గిర్రున తిరగడం మొదలెట్టింది.

"అదేంటమ్మా, అప్పుడే తిప్పుతున్నావు?"

"కొలిచే ముందు ఒక నిమిషం ఇలా గట్టిగా తిప్పాలండి. తర్వాత అయిదు నిమిషాలు వదిలేసి అప్పుడు కొలుస్తాం. అన్ని నమూనాలూ ఒకేచోట మొదలవ్వాలని డాక్టర్ వెండెల్ పెట్టిన పద్ధతి."

"ప్రతి ఏడాదీ ఇలాగేనా?"

"ప్రతి ఏడాదీ. ఇదిగో చూడండి ఫ్రౌ ఐజెలె, మొదటి రోజు ఎంత బిగువుందో ఇవాళా అంతే. పదేళ్లు! మీ సీసాలు బంగారం!"

తెర మీద గీత మీద గీత పడుతోంది. ఆ అమ్మాయి మొహం వెలిగిపోతోంది. నేను మాత్రం పక్కనున్న కుర్చీ లాక్కుని కూర్చున్నాను. పదేళ్లు కదలకుండా నిలబడ్డ దాన్ని ఒక్క నిమిషం తిప్పితే, ఆ పదేళ్లలో దానికి ఏమైందో అంతా చెరిగిపోతుంది. తిప్పాక మళ్లీ కొత్తదానిలా బిగుసుకుంటుంది. అప్పుడు కొలిచి, ఏమీ కాలేదని రాసుకుంటున్నాం. ఏమైందో చెరపకుండా దాచుకున్నది ఒక్క పదిహేడో సీసాయే. దాన్ని ఎవరూ తిప్పలేదు. అది లెక్కలో లేదు కాబట్టే తిప్పలేదు.

మర్నాడు డాక్టర్ వెండెల్ గదికి వెళ్లాను. గురువారం ఆయన రిటైర్‌మెంట్. అదే రోజు పదేళ్ల నివేదిక మీద సంతకాలు, పైనుంచి అతిథులు, హాల్లో విందు. అల్మారాలోంచి పుస్తకాలు డబ్బాల్లో సర్దుకుంటున్నాడు. నన్ను చూసి లేచి కుర్చీ చూపించాడు. ఆయన ఎప్పుడూ అలా లేస్తాడు.

"రండి రండి ఫ్రౌ ఐజెలె. నేనే కబురు పెడదామనుకుంటున్నా. గురువారానికి మీ ఆపిల్ కేకు ఉండాల్సిందే. అది లేకుండా నాకు వీడ్కోలేంటి?"

నేను కేకు సంగతి ఎత్తకుండా పదిహేడో సీసా సంగతి చెప్పాను. ఆయన చేతిలోని పుస్తకం మెల్లగా కింద పెట్టాడు.

"అది పారేశాం కదా?"

"మీరు పారేయమన్నారు. నేను పారేయలేదు."

"పదేళ్లూ దాచారా? ఒక బుడగని చూస్తూ కూర్చున్నారా?" అని నవ్వాడు. చెడ్డ నవ్వు కాదు. చెడ్డ నవ్వైతే నాకు తేలికయ్యేది.

"అది పదకొండు మిల్లీమీటర్లు పైకి వచ్చింది హెర్ డాక్టర్. మనం తిప్పి కొలుస్తున్నాం కాబట్టి మనకి తెలియడం లేదు. రాకెట్‌లో ఎవరూ గరిటె పెట్టి తిప్పరు కదండీ. అది ఎలా ఉన్నది అలాగే పనిచెయ్యాలి."

ఆయన కిటికీ వైపు తిరిగాడు. ఆయనకి అర్థమైందని నాకు తెలుసు. మెడ మీద ఎరుపు ఎక్కడం కనిపించింది.

"ముప్పై ఏళ్లుగా ఇలాగే కొలుస్తున్నాను," అన్నాడు. "వినండి. లెక్కలోంచి కొట్టేసిన సీసాని దాచడం నిబంధనలకి విరుద్ధం. ఇది పైకి వెళ్తే జనవరిలో మీ కాంట్రాక్టు పొడిగింపు కష్టం. మీ మంచికే చెబుతున్నా. వెళ్లి ఆ సీసాని గట్టిగా ఒక్కసారి ఊపేయండి. బుడగ చెదిరిపోతుంది, ఎవరికీ ఏ తలనొప్పీ ఉండదు. గురువారం మామూలుగా సంతకం పెట్టండి. ఈ పదేళ్లలో మీరు ఎప్పుడైనా 'మార్పు లేదు' తప్ప ఇంకోటి రాశారా?"

లేదు. రాయలేదు. నేను లేచి తలుపు దగ్గరికి వెళ్తుంటే వెనకనుంచి, "కేకు మర్చిపోకండేం," అన్నాడు.

ఆ ఉద్యోగం ఉంటే ఎంత, పోతే ఎంత అని మీరనుకోవచ్చు. మా ఇంట్లోనూ అలాగే అనుకుంటారు. నాకు మాత్రం వారంలో ఆ అయిదు పూటలే నావి. ఆ మట్టి కప్పు కింద గది పోతే నేను కూర్చోవడానికి ఈ భూమి మీద ఇంకెక్కడా చోటు లేదు. మా ఇంట్లో కూర్చుంటే ఏమైంది అంటారు, ఒంట్లో బాగాలేదా అంటారు. సంతకం పెడితే ఆ గది ఉంటుంది. కానీ దాని లోపల పదేళ్లు నేను కళ్లారా చూసింది అబద్ధమైపోతుంది. ఏది వదులుకోను? ఆ రాత్రే కాదు, బుధవారం పగలంతా ఇదే. పప్పు ఉడుకుతుంటే ఇదే, నూడుల్స్ కోసం పిండిని చెక్క మీంచి మరిగే నీళ్లలోకి గీకుతుంటే ఇదే. సాయంత్రం హార్ట్‌మూట్‌కి అంతా చెప్పాను. ఆయన నీటి సరఫరా శాఖలో పెద్ద ఉద్యోగి, ఫైళ్ల సంగతి తెలిసినవాడు. ప్లేటులో పప్పు ఆఖరి చెంచా దాకా తిని మూతి తుడుచుకున్నాడు.

"నీకెందుకే ఇదంతా? రాకెట్టు వాళ్లది, పద్ధతి వాళ్లది. సంతకం పెట్టేసి ఊరుకో. నీ మొహం చూడు, ఎలా బిగుసుకుపోయిందో. పద, చీపురింటికి వెళ్దాం."

చీపురిల్లంటే మా వైపు ద్రాక్షతోటల రైతులు నడిపే పానశాల. కొత్త వైన్ తయారైతే వీధి గుమ్మానికి ఒక చీపురు కట్టి వేలాడదీస్తారు, అది ఉన్నన్నాళ్లు ఎవరైనా వెళ్లి తాగొచ్చు. మగవాళ్లకి గుమ్మం దగ్గర చీపురు కనిపిస్తే నోట్లో నీళ్లూరతాయి. నాకు నడుము నొప్పి గుర్తొస్తుంది. అయినా వెళ్లాం. పొడుగు బల్లలు, మోచేతులు తగిలేంత జనం, వేడి ఉల్లిపాయ కేకు, మసకగా బుసబుసలాడే కొత్త వైన్. రెండు గ్లాసులయ్యేసరికి హార్ట్‌మూట్ ఎదురుగా కూర్చున్న ముక్కూమొహం తెలియని వాళ్లని, "మా ఆవిడకి జీతం దేనికిస్తారో చెప్పుకోండి చూద్దాం," అంటున్నాడు. వాళ్లు విరగబడి నవ్వారు. నా నోరూ నవ్వింది. నా చెంపలు వెచ్చబడ్డాయి, భుజాలు వదులయ్యాయి, దీపాల చుట్టూ చిన్న చిన్న వలయాలు కనిపిస్తున్నాయి. హార్ట్‌మూట్ నా చెయ్యి నిమిరి, చాలా ప్రేమగా అన్నాడు:

"చూశావా? నువ్వు ఎప్పుడూ ఇంతే. ఒకసారి బయట తిప్పి తీసుకొస్తే మళ్లీ మామూలైపోతావు."

గ్లాసు నా చేతిలోనే ఆగిపోయింది. చుట్టూ జనం ఇంకా నవ్వుతూనే ఉన్నారు, నాకు మాత్రం వాళ్ల పెదవులు కదలడమే కనిపిస్తోంది. మా అమ్మ పోయిన నెలలో నేను మాట్లాడటం మానేస్తే ఇక్కడికే తీసుకొచ్చాడు. రెండు పూటల ఉద్యోగం అడుగుతానంటే పెద్ద గొడవై, ఆ మర్నాడు ఇక్కడికే. అత్తగారు నా వంటని చుట్టాల ముందు పారబోసిన ఏడాది కూడా ఇక్కడికే. ప్రతిసారీ రెండు గ్లాసులు, నవ్వు, ఇంటికి. ప్రతిసారీ నా మొహం చూసి, ఏమీ కాలేదు, మొదటి రోజులాగే ఉందని తేల్చుకున్నాడు. హార్ట్‌మూట్ చెడ్డవాడు కాదు. ఇరవై తొమ్మిదేళ్లుగా నన్ను తిప్పాకే చూశాడు, అంతే. నేనూ అద్దంలో అలాగే చూసుకున్నాను. ఆ వైన్ మిగతాది తాగలేదు. కారు నేనే నడిపాను. దారి పొడుగునా ఆయన పాట పాడుతూనే ఉన్నాడు.

గురువారం పొద్దున్నే నిల్వగదిలోకి వెళ్లి, ఖాళీ డబ్బాలు జరిపి, పదిహేడో సీసాని రెండు చేతులా తీసుకున్నాను. అది పదేళ్ల తర్వాత తొలిసారి పగటి వెలుతురు చూడటం. ఆకులు పరిచిన బాట మీద, కాలు జారకుండా, దాన్ని గుండెకి ఆనించుకుని నడిచాను. నిద్రపోతున్న పసిబిడ్డని కూడా అంత మెల్లగా మోసి ఉండను. బుడగ నా గడ్డం కింద మెరుస్తోంది. ఆనాటి శుక్రవారం అలాగే ఉంది అందులో. నాకు భయం వేసిందా అంటే వేసింది. ఒక్కో అడుగూ లెక్కపెట్టుకుంటూ నడిచాను, ముప్పై ఎనిమిది దాటాక లెక్క వదిలేశాను.

ప్రయోగశాలలో స్వెన్యా ఒక్కతే ఉంది. సీసా బల్ల మీద పెట్టాను. ఆ అమ్మాయి గాజు మీద గీతలన్నీ, తేదీలన్నీ కింది నుంచి పైదాకా చదివింది. ఒకసారి నా కేసి, ఒకసారి తన యంత్రం కేసి చూసింది. తర్వాత సొరుగు లాగి ఒక ఉక్కు స్కేలు తెచ్చి నా చేతిలో పెట్టింది. కొలిచాను. పదకొండు మిల్లీమీటర్లు. నివేదికలో సహాయకురాలి సంతకం ఉండాల్సిన పేజీ తీశాను. 'మార్పు లేదు' అని ముందే అచ్చు వేసి ఉంది, కింద ఖాళీ గీత. కలం మూత తీస్తుంటే డాక్టర్ వెండెల్ కొత్త సూటు వేసుకుని లోపలికి వచ్చాడు. సీసా చూశాడు.

"ఇంకా ఊపలేదా మీరు? ఇటివ్వండి నేను ఊపుతాను," అంటూ చెయ్యి చాపాడు.

"ముట్టుకోకండి."

ఆ మాట నేనే అన్నానా అనిపించింది. గట్టిగా కూడా అనలేదు. ఆయన చెయ్యి గాలిలో ఆగిపోయింది. నేను అచ్చు వేసిన మాట మీద అడ్డంగా గీత కొట్టి, కింద రాశాను: 'పదిహేడో సీసా. బుడగ పదకొండు మిల్లీమీటర్లు పైకి లేచింది. తిప్పకుండా చూసింది ఇర్మెల ఐజెలె.' సంతకం పెట్టి, కాగితం ఆయన వైపు తిప్పాను. ఆయన రెండుసార్లు చదివాడు. కళ్లజోడు తీసి, చొక్కా అంచుతో తుడిచి, మళ్లీ పెట్టుకుని, ఈసారి కాగితం వదిలేసి సీసా ముందు వంగి చూశాడు.

"దీన్ని ఇక వెనక్కి తీసుకోలేం. తెలుసా?" అన్నాడు.

"తెలుసండి."

"జనవరిలో నేను ఇక్కడ ఉండను, మీ కోసం మాట్లాడటానికి."

"అదీ తెలుసు."

హాల్లోంచి ఎవరో తల లోపలికి పెట్టి, ఆపిల్ కేకు ఎక్కడుందని అడిగారు. చేయలేదని చెప్పాను.

ఇంటికొచ్చేసరికి రెండున్నర. అత్తగారు జానెడు తలుపులోంచి, "ఆలస్యమైందే? ఈ వారం బోర్డు మీ తలుపుకుంది, గుర్తుందా? ఆకులు చూశావా?" అంది. గుర్తుందమ్మా, చూశాను అని పైకి వెళ్లాను. మా తలుపు పిడికి ఉన్న బోర్డు తీశాను. అది చేతిలో పట్టుకుని కాసేపు నిలబడ్డాను, అంచులు అరిగి నున్నగా అయ్యాయి, ఎక్కువ అరగదీసింది నా వేళ్లే. లోపలికి తీసుకెళ్లి హార్ట్‌మూట్ గది తలుపుకి తగిలించాను. ఆదివారం నడకల మ్యాపులన్నీ అతికించుకున్న గది అది. తర్వాత వంటింట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఏమీ చేయలేదు. కిటికీలోంచి గుమ్మం ముందు రాలుతున్న ఆకులు కనిపిస్తున్నాయి. ఒక్కో ఆకూ ఎంత తీరిగ్గా దిగుతుందో ఇరవై తొమ్మిదేళ్లలో ఎప్పుడూ చూడలేదు. ఇంత అందంగా ఉంటాయా అనుకున్నాను. కళ్లు తడిశాయి, తుడుచుకోలేదు.

అయిదింటికి హార్ట్‌మూట్ వచ్చాడు. కోటు తగిలించి, చెప్పులు మార్చుకుని, గది దాకా వెళ్లి ఆగిపోయాడు.

"ఇదేంటి, బోర్డు ఇక్కడికొచ్చింది?"

"ఈ వారం మనది కదా. మనలో నువ్వూ ఉన్నావు."

జోకేమోనని నవ్వడానికి సిద్ధపడ్డాడు. నేను నవ్వలేదు. వంటింటి గుమ్మం దాకా వచ్చి, పొయ్యి మీద ఏమీ లేకపోవడం చూసి, నా మొహం చూసి, అలవాటైన దారిలోకి వెళ్లబోయాడు.

"ఏంటీ, సీసాల్లో ఏమైనా కదిలిందా?"

"కదిలింది. పదకొండు మిల్లీమీటర్లు."

ఆయన అటూ ఇటూ చూసి, గోడకున్న కారు తాళాలు తీసి వేళ్ల మధ్య ఆడించాడు. గొంతు మెత్తగా చేసుకుని, "నీ మనసు బాగా లేనట్టుంది. పద, చీపురింటికి ఒకసారి వెళ్లొద్దాం," అన్నాడు.

"వద్దు హార్ట్‌మూట్. కూర్చో. ఈసారి తిప్పకుండా చూడు."